కోట వీధి ఉంది, కోట ఏది? విశాఖ కోటను సముద్రం మింగిందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. మీ నాయనమ్మగారిది విశాఖ పాత ఊరు. "కోట వీధి మిగిలింది, కోటను మాత్రం సముద్రం మింగేసింది" అని ఆవిడ చెప్పేవారు. అది నిజమేనా, అసలు అంత రాతి కట్టడాన్ని సముద్రం ఎలా మింగుతుంది అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. విశాఖ కోటను మింగింది సముద్రం కాదు, ఊరు. కోట నిలిచిన నేల ఇప్పటికీ నేలగానే ఉంది, దాని మీద జనం కాపురాలున్నారు. అలాగని సముద్రం కోటల్ని మింగుతుందన్న మాట అబద్ధమేం కాదు. వేరే చోట్ల మింగింది. కాకపోతే అది చేసే పద్ధతి మనం అనుకునేలా ఉండదు, చాలాసార్లు పక్కన ఒక మనిషి చెయ్యి కూడా ఉంటుంది.

నా సంగతి కొంచెం చెప్పాలి. ముప్పై రెండేళ్లు హార్బర్‌లో సర్వే పని చేశాను. లాంచీ మీద తిరుగుతూ లోతులు కొలవడం, బీచ్‌లో లెవెల్ పెట్టి ఇసుక ఎంత పెరిగిందో ఎంత తరిగిందో బుక్కులో రాయడం, ఇదే ఉద్యోగం. చరిత్రలో డిగ్రీ లేదు. కానీ ఇసుక ఎటు నడుస్తుందో కళ్ళారా చూసినవాణ్ణి. రిటైరయ్యాక పాత ఊరి వీధుల్లో తిరగడం అలవాటైంది. కాబట్టి ఈ జవాబులో చరిత్ర పాలు తక్కువ, ఇసుక పాలు ఎక్కువ అనుకోండి.

ముందు కోట గురించి. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు 1680లలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. దాన్ని ఫ్యాక్టరీ అనేవారు, అంటే మిల్లు కాదు, బట్టల బేళ్ళు దాచుకుని ఓడకెక్కించే గిడ్డంగి, గుమాస్తాల కొట్టు. ఔరంగజేబుకూ కంపెనీకీ చెడినప్పుడు 1689లో మొగలాయి మనుషులు దీన్ని పట్టుకున్నారు, ఇక్కడి ఇంగ్లీషు వాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాతే గోడలూ బురుజులూ ఫిరంగులూ ముఖ్యమయ్యాయి. ఎక్కడ కట్టారంటే, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగకు ఉత్తరాన. మొగకు అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. ఏట్లోకి వచ్చే ప్రతి పడవా కోట కంట్లో పడాల్సిందే. ఇప్పటి ఆనవాళ్ళతో చెప్పాలంటే పాత పోస్టాఫీసు, క్వీన్ మేరీ బడి, సెయింట్ జాన్స్ చర్చి, కంపెనీ కాలం సమాధులున్న పాత శ్మశానం, ఈ చుట్టుపక్కలంతా ఆ కాలపు తెల్లవాళ్ళ ఊరు. కోట వీధి, సోల్జర్‌పేట అన్న పేర్లు ఊరికే రాలేదు.

ఈ కోట పెద్దగా గెలిచిందీ లేదు. 1757 జూన్‌లో ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలతో వచ్చి పట్టుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగాల్‌లో ప్లాసీ యుద్ధం జరుగుతోంది. మరుసటి ఏడు విజయనగరం ఆనందరాజు ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి ఊరు లాక్కుని ఇంగ్లీషు వాళ్ళకు అప్పగించాడు. కంపెనీ సేనాని కల్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి ఓడల్లో దండు తెచ్చి ఇక్కడే దిగాడు. 1780 అక్టోబరులో, హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు ఓడ ఎక్కమంటే సిపాయిలు మేం ఎక్కం అన్నారు, కొందరు అధికారుల్ని కాల్చేశారు. 1857కు డెబ్బై ఏడేళ్ల ముందు సంగతి ఇది. మన ఊళ్ళో దీని గురించి మాట్లాడుకునేవాళ్ళు ఎంత తక్కువో చూస్తే నాకు ఆశ్చర్యం.

నా లాంటి లోతులు కొలిచేవాడికి ఇష్టమైనది మాత్రం 1804 సెప్టెంబరు 15. ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ మూడు యుద్ధనౌకలతో వచ్చి, మన ఒడ్డు ముందు లంగరేసి ఉన్న ఇంగ్లీషు నౌక సెంచూరియన్ మీద పడ్డాడు. దాని కెప్టెన్ ఆ వేళకు ఒడ్డున ఉన్నాడు. నౌక ఎలా బతికిందంటే, ఒడ్డుకు దగ్గరగా, కెరటాలు విరిగే చోటు దాకా జరిగిపోయింది. ఒడ్డు మీది ఫిరంగులు సాయం చేశాయి. లినోయిస్ పెద్ద నౌక మరెంగోకు అంత తక్కువ నీళ్ళలోకి రావడానికి ధైర్యం చాల్లేదు. చూశారా, ఆ రోజు ఊరికి కోట గోడకన్నా ఇసుక మేటే ఎక్కువ ఉపకారం చేసింది.

మరి ఆ కోట ఏమైంది? అది కోటలన్నిటికీ పట్టే గతే. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాక లోపలి శత్రువు లేడు. నెపోలియన్ యుద్ధాలు అయ్యాక సముద్రం మీద శత్రువూ లేడు. దొరలు గాలి కోసం వాల్తేరు గట్టు మీదకు బంగళాలు మార్చుకున్నారు. కాపలా లేని గోడకు రాయి నిలవదు, ఇది ఏ ఊళ్ళోనైనా చూడొచ్చు. ఆ పైన ఇరవయ్యో శతాబ్దంలో పోర్టు వచ్చింది. ఉప్పుటేటి బురదనేలలు తవ్వి, ఆ మట్టితో పల్లాలు పూడ్చి, 1933లో ఓడలకు తెరిచారు. 1970లలో ఔటర్ హార్బర్ కట్టారు, ఫిషింగ్ హార్బరూ వచ్చింది. దాంతో ఒకప్పుడు కోట ముందు విరిగిన కెరటం ఇప్పుడు ఆ దరిదాపులకే రాలేదు. పాత ఊరి ముందున్న సముద్రం హార్బర్ గోడల లోపల పడిపోయింది. సముద్రం ముందుకు రావడం మాట అలా ఉంచండి, అక్కడ నేలే సముద్రం మీదకు వెళ్ళింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నాకు చెప్పాలని ఉన్నది నిజానికి ఇదే.

కెరటం వచ్చి గోడను ఢీకొడితే గోడ పగిలి పడిపోతుందని అందరూ అనుకుంటారు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే అనుకున్నాను. గానుగ సున్నంతో కట్టిన ఆరడుగుల మందం గోడను కెరటం అంత తేలిగ్గా పగలగొట్టలేదు. సముద్రం గోడ జోలికి పోదు, గోడ కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది. నిలువు గోడకు తగిలిన కెరటం వెనక్కి మళ్ళుతుంది, ఆ మళ్ళే నీరు గోడ పాదం దగ్గర ఇసుకను తోడుకుపోతుంది. మీరు బీచ్‌లో నీళ్ళల్లో నిలబడితే మడమ కింద ఇసుక జారి పాదం దిగిపోతుంది కదా, అదే లెక్క. పునాది అడుగు బయటపడిన రోజున గోడ తన బరువుకు తానే ముందుకు ఒరుగుతుంది. ఒక్క చోట సందు పడితే చాలు, వెనకున్న మట్టి నీళ్ళతో పాటు కారిపోతుంది. పైకి చూస్తే రోడ్డు బాగానే కనిపిస్తుంది, కింద గుల్ల.

ఇది కళ్ళతో చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. అప్పటికి నేను రిటైరై ఉన్నాను. నాలుగో రోజో ఐదో రోజో, దార్లో పడ్డ చెట్లు దాటుకుంటూ బీచ్ రోడ్డుకు వెళ్ళాను. ఒక చోట గోడ పలక పలకగా సముద్రం వైపు పడుకుని ఉంది. విరగలేదు, ఒరిగింది. దాని వెనక కాలిబాట బిళ్ళలు అలాగే వరుసగా ఉన్నాయి, కింద మాత్రం మనిషి దూరేంత బొక్క. ఒక పిల్లాడు ఆ బిళ్ళల మీద నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నాడు. నేను అరిచిన అరుపుకు వాడు దిగాడు గానీ, నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఇసుక ఎందుకు పోతుందంటే, మన తీరంలో ఇసుక ఒక చోట ఉండదు, నడుస్తుంది. మార్చి నుంచి అక్టోబరు దాకా కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది, కానీ తక్కువ. ఏడాది లెక్క తీస్తే ఇసుక ఉత్తరానికే పోతుంది, అదీ లక్షల ఘనపు మీటర్లలో. దారికి అడ్డంగా ఏది కట్టినా దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు బీచ్‌కి తిండి ఆగిపోతుంది. డాల్ఫిన్స్ నోస్ దగ్గర హార్బర్ కట్టినప్పుడు ఇంజనీర్లకు ఇది తెలుసు. అందుకే రెండు పాత ఓడల్ని ముంచి వాటి చుట్టూ రాళ్ళు పోసి అడ్డుకట్ట చేశారు, దాని చాటున చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి ఉత్తరాన బీచ్‌కి చేర్చే ఏర్పాటు పెట్టారు. ఔటర్ హార్బర్ వచ్చాకా అదే పద్ధతి. మనం ఆర్కే బీచ్‌లో మరమరాలు తింటూ కూర్చునే ఇసుకలో చాలా భాగం పైపుల్లో వచ్చినదే. ఒక సీజన్ ఆ పని ఆలస్యమైతే కోస్టల్ బ్యాటరీ దగ్గర నుంచి కోత మొదలవుతుంది. నా ఫీల్డు బుక్కుల్లో అది స్పష్టంగా కనిపించేది.

సరే, సముద్రం నిజంగా మింగిన కోటలు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. ఎనిమిదో హెన్రీ 1539-40లో కెంట్ తీరంలో మూడు కోటలు పక్కపక్కనే కట్టించాడు: సాండౌన్, డీల్, వాల్మర్. అక్కడి లంగరు జలాలకు కాపలా అన్నమాట. ఒకే రాజు, ఒకే ఏడు, ఒకే తరహా నమూనా. ఇవాళ డీల్, వాల్మర్ చక్కగా నిలబడి ఉన్నాయి, టికెట్టు కొని చూడొచ్చు. సాండౌన్ లేదు. దాని ముందు గులకరాళ్ళ బీచ్ అరిగిపోయి సముద్రం కందకంలోకి వచ్చేసింది. కానీ ఆగండి, అక్కడా సముద్రం ఒక్కటే పని పూర్తి చెయ్యలేదు. 1860లలో ఇక దీన్ని కాపాడలేమని ప్రభుత్వం పాత సామాను కింద అమ్మేసింది, రాయి ఊడదీసి పట్టుకుపోయారు. తర్వాత మిగిలిన దాన్ని మందు పెట్టి పేల్చారు. అడుగున ఉన్న రాతిముద్దను 1980ల చివర్లో కాంక్రీటు కప్పి సముద్రపు గోడలో భాగం చేసేశారు. కెరటాలకు ఓడిపోయిన కోట ఇప్పుడు అదే కెరటాలకు అడ్డుగా పనిచేస్తోంది.

రెండోది అమెరికాలో, నార్త్ కరోలినా తీరాన ఫోర్ట్ ఫిషర్. ఇది రాతికోట కాదు, ఇసుక దిబ్బల కోట. అంతర్యుద్ధంలో 1865 జనవరిలో పడిపోయింది. అప్పటికి యుద్ధనౌకలు ఎన్ని గుళ్ళు కురిపించినా ఇసుక దిబ్బలు మింగేసుకున్నాయి. కోటను నిజంగా దెబ్బతీసింది 1920లలో రోడ్డు పని. తీరం ముందు గవ్వరాయి బండలు ఉండేవి, కెరటాన్ని అవే ఆపేవి. ఆ బండల్ని తవ్వి రోడ్డుకు వేశారు. ఆ తర్వాత సముద్రం ముఖాన ఉన్న దిబ్బలు చాలా వరకు కొట్టుకుపోయాయి. చివరికి 1990లలో రాళ్ళు పేర్చి కట్ట వేయాల్సి వచ్చింది. రోడ్డుకు పట్టుకెళ్ళిన రాయి కన్నా, తిరిగి తెచ్చి పోసిన రాయికి ఎక్కువ ఖర్చయి ఉంటుందని నా అనుమానం.

దగ్గర్లో చూడాలంటే తమిళనాడు తీరాన తరంగంబాడి వెళ్ళండి. 1620లో డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్ళు, కట్టిన డాన్స్‌బోర్గ్ కోట అక్కడ సముద్రం అంచున ఉంది. పక్కనే పద్నాలుగో శతాబ్దం తొలినాటి మాసిలామణినాథర్ గుడి. గుడి ముందు భాగం సముద్రంలో పోయింది. ఇప్పుడు బండరాళ్ళు పోసి మిగిలినది ఆపారు. నేను వెళ్ళినప్పుడు ఆ రాళ్ళ మీద కూర్చుని గంటసేపు కెరటం ఎటు నుంచి వస్తోందో చూస్తూ ఉండిపోయాను. మా ఆవిడ "పెళ్ళైన కొత్తలో భీమిలి తీసుకెళ్ళినప్పుడూ ఇదే పని" అని విసుక్కుంది. కోటలు కాకుండా ఊళ్ళే చూడాలంటే అంత దూరం అక్కర్లేదు, కాకినాడ దగ్గర ఉప్పాడ ఉంది. మా వియ్యాలవారిది ఆ పక్కే. వాళ్ళింటికి వెళ్ళే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేశారో, ఎన్నిసార్లు పోయిందో లెక్క పెట్టడం మానేశాం.

దీనికి పూర్తిగా ఉల్టా కథ బందరుది. అక్కడ సముద్రం కోసెయ్యలేదు, ఒక్క రాత్రి వచ్చి మీద పడింది. 1864 నవంబరు 1 తుపాను ఉప్పెనలో దాదాపు ముప్పై వేల మంది పోయారు. ఆ దెబ్బతో దండును అక్కణ్ణుంచి ఎత్తేశారు. కోట శిథిలాలు మాత్రం ఇంకా ఉన్నాయి. బురదలో ఉన్నాయి, నీళ్ళలో కాదు. కాబట్టి "సముద్రం దెబ్బకు కోట పోయింది" అని ఎవరైనా అంటే, కోతా, ఉప్పెనా, లేక మేట వేసి రేవు చచ్చిపోవడమా అని అడగాలి. మూడూ వేరు.

మీలా ఆసక్తి ఉన్నవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు చెప్తాను. ఇవన్నీ నేను తిన్న ఎదురుదెబ్బలే.

పాత మ్యాపు మీద కొత్త మ్యాపు పెట్టి సంబరపడకండి. ఉద్యోగంలో మూడో ఏడు నేను ఒక పాత చార్టు తీసుకుని, ట్రేసింగ్ కాగితం వేసి, తీరం ఫలానా చోట వంద గజాలు లోపలికి వచ్చేసిందని ఉత్సాహంగా ఒక నోటు రాసి పైకి పంపాను. మా పెద్దాయన పిలిచి కూర్చోబెట్టారు. "ఇందులో ఒడ్డు గీత పోటు మీద గీసినదా, పాటు మీద గీసినదా?" అన్నారు. నేను చూడలేదు. మన దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ ఒకటిన్నర మీటరు దాకా తేడా ఉంటుంది. చదును బీచ్‌లో ఆ ఒకటిన్నర మీటరు ఎత్తు తేడాకే నీటి అంచు ఎంతో దూరం జరుగుతుంది. పైగా ఆ పాత చార్టు గీసింది ఓడలవాళ్ళు. వాళ్ళకు కావలసింది ఎన్ని బారల లోతు ఉంది, ఎక్కడ లంగరు నిలుస్తుంది అన్నదే. ఒడ్డు గీత వాళ్ళకు అలంకారం. నా నోటు చెత్తబుట్టలోకి పోయింది. మా పెద్దాయన మాత్రం రిటైరయ్యే దాకా నన్ను "వంద గజాలు" అనే పిలిచారు.

ఇసుకలోంచి బయటపడిందల్లా కోట కాదు. మూడు నాలుగేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఫొటో: "బీచ్‌లో పురాతన కోట బయటపడింది". వెళ్ళి చూస్తే కాంక్రీటు. తుపాకి పెట్టుకునే సన్నటి కిటికీలు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు దిగుతారేమోనన్న భయంతో తీరం పొడుగునా కట్టిన పిల్‌బాక్సుల్లో ఒకటి. 1942 ఏప్రిల్ 6న మన ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాయి కదా, ఆ భయం ఉత్తదేం కాదు. అయితే ఇది కూడా ఒక సాక్ష్యమే. ఒకప్పుడు పొడినేల మీద ఉన్న కట్టడం ఇవాళ కెరటాల్లో ఉందంటే, ఆ చోట బీచ్ ఎంత తగ్గిందో అదే చెబుతుంది. పురాతనం కాదని తీసిపారెయ్యకండి.

నిజంగా మునిగిన కట్టడం ఉంటే జాలర్లకు తెలిసే ఉంటుంది. రాయి కొట్టుకుపోదు. ఇసుక పోతుంది, రాయి నిలువునా దిగబడి అక్కడే ఉంటుంది. అలాంటి చోట వల చిక్కుతుంది, వల చినిగిన చోటును జాలరి జన్మలో మర్చిపోడు. డాల్ఫిన్స్ నోస్ అంచు ఫలానా గుడి గోపురానికి కలిసినప్పుడు, కైలాసగిరి ఫలానా చెట్టు మీదకు వచ్చినప్పుడు అని రెండు గీతలు కలిపి గుర్తు పెట్టుకుంటారు. శబ్దంతో లోతు కొలిచే మా ఎకో సౌండర్ రాకముందు మేమూ సీసపు గుండు తాడుతో అలాగే చేశాం. నేను సర్వేకు వెళ్ళిన ప్రతి జాలరిపేటలోనూ ఈ ప్రశ్న అడిగాను. వల చిక్కే చోట్లు చాలా చూపించారు. చూస్తే బండలు, మునిగిన నాటుపడవలు, ఒకచోట పాత లంగరు. పాత ఊరి ముందు "కోట గోడ" అని చూపించినవాళ్ళు ఒక్కరూ లేరు.

మరి మీ నాయనమ్మగారు అబద్ధం చెప్పారా? అలా అనను. విశాఖలో సముద్రం మింగినదంటూ తరతరాలుగా చెప్పుకునేది ఒకటుంది, అది వైశాఖేశ్వరుడి గుడి. కాశీయాత్రకు వెళుతూ ఇక్కడ విడిది చేసిన ఒక రాజు ఆ గుడి కట్టించాడని, ఊరికి పేరు దాని వల్లే వచ్చిందని, కాలక్రమంలో సముద్రం దాన్ని కలుపుకుందని ఐతిహ్యం. పర్వదినాల్లో తీర్థపు రాళ్ళ దగ్గర సముద్రస్నానం చేసేవాళ్ళు ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు. పాత ఊళ్ళో పుట్టిన పిల్లకు ఒక చెవిన గుడి కథ, ఇంకో చెవిన కోట వీధి పేరు పడితే రెండూ కలిసి ఒకే కథ కావడంలో వింతేముంది?

తేల్చుకోవాలంటే మీకు ఒక దారి ఉంది. ఆవిడ చెప్పిన కథ మీ నాన్నగారో మేనత్తలో కూడా వినే ఉంటారు. చెప్పేటప్పుడు ఆవిడ చెయ్యి ఎటు చూపించేవారో వాళ్ళను అడగండి. దక్షిణానికి, ఉప్పుటేటి మొగ వైపు చూపిస్తే అది కోట మాటే. తూర్పుకో ఈశాన్యానికో, తీర్థపు రాళ్ళ వైపు చూపిస్తే మాత్రం ఆవిడ చెప్పింది గుడి గురించి. ఏ వైపో తెలిశాక ఇక్కడే రాయండి, నేనూ చూస్తాను.